మృగయాధర్మము – వ్యాధనింద

మన పాఠశాలలలోఁ బ్రబంధములు బోధించు పండితులు మృగయావర్ణనము దగ్గఱకు వచ్చునప్పటికి "ఇది యష్టాదశవర్ణనలలో నొకటి" యని చెప్పి పుట త్రిప్పుట పరిపాటి. ఈ మాట సరికాదు. దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో నగరము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానసలిలక్రీడలు, మధుపానము మొదలగునవి కలవు గాని మృగయ లేదు. ఓరుఁగంటి విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమున నా పట్టికనే యించుక మార్పుతో గ్రహించెను. అందును మృగయ లేదు. దానిని బేర్కొన్నవాఁడు సాహిత్యదర్పణకర్తయగు విశ్వనాథుఁడు. కావున మన కవులు లక్షణమునకుఁ గట్టుపడి వేఁటను వర్ణించిరనుట కంటె, వేఁట తమ ప్రభువులకుఁ బ్రియమగుటచేతను, తమకుఁ జెప్పవలసిన దేదో యందుండుటచేతను వర్ణించిరనుటయే యుక్తము.

ఆ చెప్పవలసిన దేమి? ఇదియే ప్రకృతవిచారము. ముందుగా నొక్కసంగతి గుర్తింపవలెను. కవి సామాన్యముగా వేఁటకాఁడు కాఁడు. విల్లు పట్టినవాఁడును, వల పన్నినవాఁడును గ్రంథములు వ్రాయలేదు. కావున వాల్మీకి మొదలుకొని ధూర్జటివఱకు మనకు లభించిన మృగయావాఙ్మయమంతయు వేఁటాడనివారు వేఁటాడువారినిగూర్చి చెప్పిన సాక్ష్యము. సాక్ష్యము విలువ సాక్షిని బట్టి యుండును. ఈ సాక్షులు రాజు వేఁటాడినపుడు చూచిన చూపును, బోయ వేఁటాడినపుడు చూచిన చూపును ఒక్కటియేనా యని నేఁ బరీక్షింపఁ దలఁచితిని.

వ్యాకరణము చదివినవాఁడనగుటచే శబ్దముతోనే యారంభింతును. మృగయాశబ్దము అన్వేషణార్థకమగు చురాదిధాతువునుండి పుట్టినది. ఇచ్ఛాశబ్దమును సాధించు పాణినిసూత్రముపైఁ గల వార్తికమునఁ బరిచర్యాదులతోఁ గలిపి దీనిని సాధించిరి. వెదకుటయే దాని యర్థము గాని చంపుట కాదు. మృగమనఁగా వెదకఁబడునది. ఇందు హింస ధ్వనింపదు. ఇఁక వ్యాధశబ్దము తాడనార్థకమగు వ్యధధాతువునకు ణప్రత్యయము చేరఁగాఁ గలిగినది. వేధించువాఁడు వ్యాధుఁడు. పనిని బట్టి కలిగిన పేరు గనుక నిందును దోషము లేదు. కాని యమరసింహుఁడు వ్యాధునకుఁ జెప్పిన నాలుగు పేళ్లలోఁ గడపటిది లుబ్ధకుఁడు. లోభించినవాఁడని యర్థము. రాజునకు మృగయ వెదకుట; బోయకుఁ గడుపుకూటి పని లోభము! ఇంకొక విశేషము. మృగయ, మృగవ్యము, ఆఖేటము, ఆచ్ఛోదనము అను పర్యాయములను అమరుఁడు క్షత్రియవర్గమునఁ జెప్పలేదు. శూద్రవర్గమున వ్యాధునిఁ జెప్పి, వాని కుక్కలఁ జెప్పి, వానివెంట నీశబ్దములఁ జెప్పినాఁడు. కోశకారుని లెక్కలో వేఁట బోయసొత్తు. రాజు దానిని ఎరవు తెచ్చుకొన్నాఁడు. ఎరవుసొత్తునకుఁ గీర్తి, సొంతసొత్తునకు నింద వచ్చుట వింత.

ధర్మశాస్త్రమునందును ఈ చిక్కు కలదు. మనువు రాజునకుఁ గామజములగు వ్యసనములు చెప్పుచుఁ బానము, జూదము, స్త్రీలు, మృగయ అను నాలుగింటిని మిక్కిలి కష్టతమములుగా నెన్నినాఁడు. అది రాజునకు మేలుకోరి చేసిన హెచ్చరిక. అదే మనువు, ఎవరి యన్నము తినరాదో చెప్పునప్పుడు మృగయువును, అనఁగా వేఁటకానిని, ఆ పట్టికలోఁ జేర్చినాఁడు. మఱి శుద్ధిప్రకరణమునకు వచ్చునప్పటికిఁ గుక్కలు చంపిన మృగముయొక్క మాంసమును, చండాలాదులు చంపినదియు శుచియే యని నిర్ణయించినాఁడు. వాఁడు చంపి తెచ్చిన మాంసము శుచి. వాఁడు పెట్టిన యన్నము అశుచి. ఈ రెండువిధులను సమన్వయింప వ్యాఖ్యాతలు ప్రయత్నింపవచ్చును గాని, లోకమునఁ దినువాని సౌకర్యము చంపువాని గౌరవముకంటె ముందు చూచుకొనఁబడినదని స్పష్టము.

వేఁటను సమర్థించిన వారును లేకపోలేదు. కౌటిల్యుఁడు వ్యసనాధికారమున జూదమునకును మృగయకును గల తారతమ్యము విచారించుచు, మృగయయే మిక్కిలి చెడ్డదనిన పిశునుని మతమును ఖండించినాఁడు. వ్యాయామము కలుగును, మేదస్సు తగ్గును, చలించు గుఱినిఁ గొట్టు నేర్పు వచ్చును, మృగముల కోపభయములయందలి చిత్తవృత్తులు తెలియును అని యతని వాదము. శాకుంతలము ద్వితీయాంకమున సేనాపతి చెప్పిన మృగయాగుణములు ఇంచుమించుగా నివియే. అచ్చటనే విదూషకుఁడు కీళ్లు పట్టువదలి, నిద్ర చెడి, వేఁటను తిట్టిపోయును. కాళిదాసు స్తుతిని జీతగానినోటను, నిందను బద్ధకస్తునినోటను బెట్టి తాను తప్పుకొన్నాఁడు. ఆ యంకమును బోధించువారు సేనాపతిమాటలను గవి యభిప్రాయముగాఁ జెప్పుట నే నెఱుఁగుదును. అది పొరపాటు. ప్రథమాంకమున ఆశ్రమమృగముపై బాణ మెక్కుపెట్టిన రాజును తాపసుఁడు వారించుటయు, రాజు మాఱుమాటాడక బాణము నుపసంహరించుటయు నుండఁగా, సేనాపతికిఁ గవి తీర్పరి పదవి నేల యిచ్చును?

ఇఁక ధర్మవిచారమునకు వత్తము. మృగయకు ధర్మ మున్నదా? ఉన్నదని ఇతిహాసమే చెప్పుచున్నది. ఆదిపర్వమునఁ గిందముఁడను ముని మృగరూపమున భార్యతోఁ గూడియుండఁగాఁ బాండురాజు బాణములతోఁ గొట్టెను. ఈ కథను మనవారు "మృగయ పాపము" అను నీతికి ఉదాహరణముగాఁ జెప్పుదురు. మూలమును సావధానముగాఁ జదివినచో మునివాక్యము వేఱు. పాండురాజు తన్ను సమర్థించుకొనుచు, రాజులకు మృగములయెడ వర్తన శత్రువులయెడ వర్తనమువంటిదే యనియు, అగస్త్యుఁడును సత్రయాగమున మృగములఁ జంపె ననియు వాదించెను. దానికిఁ గిందముఁడు "మృగములఁ జంపినందులకు నిన్ను నేను నిందింపను, మైథునకాలము ముగియువఱకు నీవు వేచియుండవలసినది" యని యుత్తర మిచ్చెను. శాపమునకుఁ గారణము వేఁట కాదు, అకాలము. జంటగూడిన మృగము నేయరాదను నియమ మొకటి లోకమున నున్నదని, అది రాజునకుఁ గూడ వర్తించునని ముని భావము. నన్నయ యాంధ్రీకరించిన ఈ కథ మన విద్యార్థు లెల్లరకుఁ దెలిసినదే. ఇందలి సూక్ష్మము మాత్రము బోధనలోఁ జిక్కదు.

ఈ నియమమునకే మఱియొక నిదర్శనము, అంతకంటెఁ బ్రసిద్ధము, క్రౌంచవధ. అచ్చటను జంట, అచ్చటను అకాలము, అచ్చటను శాపము. దోష మొక్కటియే. కాని కర్తల గతిఁ జూడుఁడు. పాండురాజునకుఁ బ్రతివచనమున కవకాశ ముండెను; శాపానంతరము విలపించుటకును, వానప్రస్థుఁడై తపము సేయుటకును, పాఠకుల జాలి పొందుటకును దీర్ఘమైన కథ యుండెను. నిషాదునకు ఒక్కమాటయు లేదు. అతఁడెవఁడో, ఆ దినమున నతని యింట నేమి యున్నదో, శాపము విని యేమనెనో వాల్మీకి చెప్పఁడు. కొట్టెను, శపింపఁబడెను, కావ్యమునుండి తొలఁగెను. ఆదికావ్యమునకు నిమిత్తమైనవాఁడు ఆదికావ్యమున మూఁగవాఁడు.

వైయాకరణులమగు మే మీ శ్లోకమునకుఁ జేసిన సేవ వేఱు. మాఙ్‌యోగమున అడాగమము నిషిద్ధము. ఆదికవి మాత్రము శాపవాక్యమున అడాగమముతోనే క్రియను బ్రయోగించెను. దానిని నిలుపుటకు, ఇది మాఙ్ కాదు, ఙకారరహితమగు వేఱొక మా యనియు, ఆర్షమనియు శతాబ్దులుగా వాదములు సాగినవి. వ్యాఖ్యాతలు మఱికొంత దూర మేఁగి మా యనఁగా లక్ష్మియనియు, ఆమె కాధారమైనవాఁడు మానిషాదుఁడగు విష్ణువనియు విఱిచి, శాపమును రామమంగళాశాసనముగా మార్చిరి. బుద్ధిచమత్కారమునకు నేనును నమస్కరింతును. కాని ఒక అకారమును రక్షించుటకై యింతమంది పూనుకొనఁగా నిషాదునిపక్షమున నొక్కరును వకాల్తా పుచ్చుకొనకపోవుట గమనింపఁ దగినది. విచిత్ర మేమనఁగా, లోకము ఆ పని తనకుఁ దోఁచినట్లు చేసినది. అధ్యాత్మరామాయణమున వాల్మీకియే తాను బ్రాహ్మణుఁడనై పుట్టియుఁ గిరాతులనడుమఁ బెరిగి, ధనుర్బాణములు ధరించి బాటసారులను దోచితినని రామునితోఁ జెప్పుకొనును. మన సీమలో బోయలు నేఁటికిని వాల్మీకిని తమ కులపురుషునిగా భావింతురు; వాల్మీకిబోయ లనుటయే వాడుక. శపించినవానినే బోయను జేసికొని జనులు లెక్క సరిపెట్టుకొన్నారు.

రఘువంశము నవమసర్గ ఈ విచారమునకుఁ బెన్నిధి. సర్గారంభమున దశరథుని వేఁటయందలి యాసక్తి, జూదము మొదలగునవి లాగలేదని కాళిదాసు చెప్పును. అదే సర్గలో వసంతవర్ణనానంతరము అదే రాజు వేఁటకుఁ బోవును. మృగయ చతురయగు కామినివలె నతనిని హరించెనని కవియే చెప్పును. దీనిని పూర్వాపరవిరోధమని కొంద ఱందురు. నాకట్లు తోఁపదు. వ్యసనములు లేనివాఁడను పేరుగలవాఁడును జిక్కుకొనునంతటిది మృగయ యని చూపుటకే కవి యా రెండు మాటలను ఒక్కసర్గలో నుంచెను. మధ్య నొక మనోహరఘట్టము: గుఱియైన లేడికి అడ్డముగా నిలిచిన పెంటిని జూచి రాజు చెవిదాఁక లాగిన బాణమును మరల దించుకొనెను. కిందముఁడు కోరిన నియమ మిచ్చట రాజు తనంతటఁ బాటించినాఁడు. ఇంతవఱకు వేఁట ధర్మ్యము. పిమ్మట తమసాతీరమునఁ గుండ నిండు చప్పుడు విని యేనుఁగని తలఁచి శబ్దవేధిని విడుచుట. ఇచటఁ గవి యొక్కపదముతోఁ దీర్పు చెప్పినాఁడు: ఆ పని రాజునకుఁ బ్రతిషిద్ధము. ఏల? యుద్ధమునఁ గాక వన్యగజమును రాజు చంపరాదు. పంచమసర్గలో అజుఁడు తనపైకి వచ్చిన యేనుఁగునుగూడ నీ నియమము దలఁచియే లఘువైన బాణముతోఁ గుంభస్థలమునఁ దాఁకించి మరల్చును. ఎన్నిమాఱులు చదివినను నా కాశ్చర్యము గలిగించు సంగతి యిది: ముని పుత్రుఁడు చావకపోయినను, అది నిజముగా నేనుఁగే యైనను, దశరథుఁడు తప్పుచేసినవాఁడే. చంపఁదగని మృగమును జంపఁబోవుట మొదటితప్పు. కన్నులఁ జూడక బాణము విడుచుట రెండవతప్పు. ఏ దేశమున నే వేఁటకానినైనను అడిగి చూడుఁడు, చూడనిదానిపై నాయుధము ప్రయోగింపరాదనుటయే మొదటి పాఠమని చెప్పును. శబ్దవేధిత్వము మన కథలలో విద్యగాఁ గీర్తింపఁబడినది. అడవిలోఁ దిరుగువాని దృష్టిలో నది ప్రమాదము.

వాలివధమునఁ గూడ మృగయాన్యాయము చర్చకు వచ్చినది. వాలి తన చర్మము, అస్థులు, మాంసము నుపయోగపడవే, నన్నేల చంపితి వని యడిగెను. అది వేఁటకాని ప్రశ్నయే. నిష్ప్రయోజనముగాఁ జంపరాదను నియమమే దాని మూలము. రాముఁడు భ్రాతృభార్యాపహరణమును బ్రధానదోషముగాఁ జూపి, పిమ్మట మాంసార్థులు వలలతోను, బోనులతోను, మఱుఁగుననుండియు మృగములఁ బట్టుదురు, అందు దోషము లేదు, నీవు శాఖామృగమవు అని చెప్పెను. ఈ రెండవసమాధానము మొదటిదానికి బలమిచ్చుటలేదనియే నా యభిప్రాయము. వాలి మృగమైనచో భ్రాతృభార్యావిషయమున దండ్యుఁడు కాఁడు. దండ్యుఁడైనచో మృగము కాఁడు. ఇది భక్తులకుఁ గష్టము గలిగింపవచ్చును. కాని మన ప్రకరణమునకుఁ గావలసినది వేఱు: మఱుఁగుననుండి కొట్టుట నిషాదుఁడు చేయఁగా శాపమును, రాజకుమారుఁడు చేయఁగా న్యాయమును అయినది.

మృగయాధర్మ మను సమాసమే భారతమునఁ గిరాతార్జునఘట్టమునఁ గనఁబడును. మూకాసురుఁడు వరాహరూపమున వచ్చినపుడు, ముందుగా నేను గుఱిపెట్టితినని కిరాతుఁడు హెచ్చరించెను. అర్జునుఁడు లెక్కసేయక తానును గొట్టెను. పిమ్మట కిరాతునితో నీవు చేసినది మృగయాధర్మము కాదని తర్జించెను. గుఱి ముందు పెట్టినవానిదే మృగమను నియమమును బాటింపుమని కోరినవాఁడు కిరాతుఁడు. దానిని మీఱినవాఁడు పార్థుఁడు. ధర్మమునుగూర్చి యుపన్యసించినవాఁడును పార్థుఁడే. కథాంతమునఁ గిరాతుఁడు శివుఁడగుటచే నర్జునుఁ డోడి శరణు చొచ్చెను. ఆ బోయ నిజముగా బోయయే యైనచోఁ దీర్పెట్లుండెడిదో యూహింపవచ్చును. శ్రీనాథుఁడు హరవిలాసమున ఈ కథను దీసికొన్నాఁడు.

బాణభట్టు కాదంబరిలో నీ ద్వైధీభావము పరాకాష్ఠ నందినది. వేఁటను వేఁటాడఁబడిన ప్రాణినోటఁ జెప్పించిన కవి యతఁడు. వింధ్యాటవిలో శబరసేన చేసిన కోలాహలము, ముసలిశబరుఁడు చెట్టెక్కి చిలుకలను మెడలు విఱిచి క్రిందికి విసరుట, తండ్రిఱెక్కల మాటున దాఁగిన చిలుకపిల్ల చావు తప్పించుకొనుట, ఇవి చదివినవాని హృదయము కరుగక మానదు. ఆ చిలుక శబరుల జీవితమును నిందించుచుఁ జేసిన దీర్ఘచింతయు యథార్థమే; ప్రాణముపోవు ప్రాణికి నిందించు నధికారము గలదు. కాని యదే గ్రంథమునఁ జంద్రాపీడుఁడు విద్యాభ్యాసము ముగించి యింటికి వచ్చిన మఱునాఁడే సూర్యోదయమునకు ముందు ఇంద్రాయుధము నెక్కి, కుక్కలను వెంటఁగొని వేఁటకుఁ బోవును. పెక్కు మృగములఁ జంపి మధ్యాహ్నమున మరలి వచ్చును. అచ్చట నే చిలుకయు మాటాడదు. చచ్చిన మృగములకుఁ దండ్రులు లేరా? బాణుఁడు తెలిసియే యిట్లు చేసెనా, రాజాశ్రితుఁడగుటచేఁ దెలియక చేసెనా యనుట నిర్ణయింపలేము. ఒక్కటి మాత్రము చెప్పవచ్చును: కాదంబరిని బోధించువాఁడు ఈ రెండు వేఁటలను ఒకచోఁ జేర్చి చదివింపకున్నచో విద్యార్థికి సగమే చెప్పినవాఁడగును.

"మరి ధర్మవ్యాధుఁడు లేఁడా? వ్యాధునికి గౌరవ మీయలేదా?" యని యెవరైన నడుగవచ్చును. అడుగవలసినదే. అరణ్యపర్వమున, మన భాషలో నెఱ్ఱనార్యుని భాగమున, కౌశికుఁడను బ్రాహ్మణునికి ధర్మము బోధించిన మిథిలానగరవ్యాధుని కథ ఘనమైనది. దున్నుటలోఁ గూడఁ బ్రాణులు చచ్చును, ధాన్యపు గింజలును జీవములే, నడచునపుడు పాదములక్రిందఁ బడి ప్రాణులు చచ్చును, అహింసకుఁడెవఁడు లోకమున? అని యతఁడు వేసిన ప్రశ్న నేఁటికిని నిరుత్తరము. కాని శ్రద్ధగాఁ జూడుఁడు. అతఁడు మృగములఁ దానై చంపఁడు. ఇతరులు చంపినవానిని అమ్మును. మాంసము తినఁడు. ధాత్వర్థమును బట్టి చూచినచో నితఁడు వ్యాధుఁడే కాఁడు. వ్యధించుట లేదు గదా! పుణ్యవంతుఁడగు వ్యాధునిఁ జూపవలసివచ్చినపుడు ఇతిహాసకర్త వానిచేతినుండి విల్లు తీసివేసెను. వాని నుత్తముని జేయుటకు వాని వృత్తిని గోసివేయవలసి వచ్చినది.

అంతకంటె వింతయైనది వాని పూర్వజన్మవృత్తాంతము. వాఁ డొకప్పుడు బ్రాహ్మణుఁడు; ధనుర్వేదపరుఁడగు నొకరాజుతో స్నేహము చేసి, ఆ రాజుతోఁ గలిసి వేఁటకుఁ బోయి, ఆశ్రమసమీపమున మృగములఁ జంపుచు నొక ఋషిని గొట్టెను. ఋషిశాపముచే వ్యాధుఁడై పుట్టెను. విలాసమునకు వేఁటాడినందులకు శిక్ష యేది? జీవికకు వేఁటాడు కులమునఁ బుట్టుట! అనఁగా నా కులమునఁ బుట్టుటయే దండనమని నిర్ణయము. మఱి వేఁటకుఁ దీసికొనిపోయిన రాజున కేమైనది? కథ చెప్పదు. నే నొక పాఠశాలలో నీ కథఁ జెప్పుచుండఁగా వెనుకబల్లమీఁదఁ గూర్చున్న బాలుఁ డొకఁడు లేచి, "అయ్యవారూ, ఆ రాజు మళ్లీ రాజుగానే పుట్టినాడా?" యని యడిగెను. వాని తాతతండ్రులు ఉచ్చులు పన్ని కౌఁజుల బట్టెడివారని తరువాతఁ దెలిసినది. ఆ ప్రశ్న వ్యాఖ్యానములలో లేదు.

తెలుఁగుకవులలో నీ నిందను దాఁటి చూచినవారు ఇద్దఱని నా లెక్క. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేఁటను దానే వేఁటకుక్కల వెంటఁ బరుగెత్తినట్లు వర్ణించెను. దానిని బ్రశంసింపని విమర్శకుఁడు లేఁడు. కాని కథాంతమును వారు వేఁటతో ముడివెట్టరు. స్వరోచి మరల వేఁటలో నుండఁగా నొక లేడి తన్నుఁ గొట్టుమని తానై యెదురువచ్చును. ఆమె వనదేవత. ఆమెకుఁ బుట్టినవాఁడే స్వారోచిషమనువు. మార్కండేయపురాణమునందలి యీ సంగతిని బెద్దన విడువలేదు. ఏ మనువు పేరఁ గావ్యము వెలసెనో యా మనువుతల్లి వేఁటలో నెదురుపడిన మృగి! మృగయావర్ణనమున రసమునకు మెచ్చి, ఆ వేఁట యెక్కడ ముగిసెనో చూడకుండుట గ్రంథమును సగము చదువుటయే.

రెండవవాఁడు ధూర్జటి. కాళహస్తిమాహాత్మ్యమునందలి తిన్నని కథ మూలమునఁ గొత్తది కాదు. పండ్రెండవశతాబ్దిలో సేక్కిళారు పెరియపురాణమునఁ గణ్ణప్పనాయనారుగా వర్ణించినదియు, పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమున స్మరించినదియు నిదే. తిన్నఁడు నిజముగా వేఁటకాఁడు. విల్లు విడువఁడు, మాంసము విడువఁడు. చంపిన మృగముల మాంసమును గాల్చి, రుచి చూచి మంచిదానినే యేర్చి, నోటినిండ నీళ్లు పట్టి, తలలోఁ బూలు తురిమికొని వచ్చి లింగమునకు సమర్పించెను. శైవార్చకుఁడు వచ్చి చూచి, గుడిలో నెముకలు మాంసమును బడియుండుట కనలి, కడిగి, దుఃఖించెను. ఈ యర్చకుఁడే యీ వ్యాసమునఁ జెప్పఁబడిన వేఁటాడని సాక్షులందఱకుఁ బ్రతినిధి. అతఁడు చెడ్డవాఁడు కాఁడు, శాస్త్రము తప్పలేదు, తనకుఁ గనఁబడిన యెముకలను జూచి తీర్పు చెప్పెను. ఎముకలు తెచ్చినవానిఁ జూడలేదు. శివుఁ డతనిఁ జాటున నిలిపి చూడుమనెను. చాటునుండి చూచుట వేఁటకాని పని. అర్చకునిచేత నా పనిఁ జేయించి, తిన్నఁడు కన్నుఁ బెఱికి యిచ్చువేళ వానిఁ గనుఁగొనునట్లు చేయుటలోఁ గల మర్మము నా కింతకంటె నెక్కుడుగా వివరింపనక్కఱలేదు. ధర్మవ్యాధునికి గౌరవము విల్లు వదలినందుకు. తిన్ననికి గౌరవము విల్లుతోడనే. నా మనస్సునకుఁ దిన్ననికథయే హెచ్చు.

ఇంత చెప్పుటచే నేను వేఁటను బ్రోత్సహించుచున్నానని యెవ్వరును భావింపకుందురు గాక. ఆశోకుఁడు తన పూర్వులు చేసెడి విహారయాత్రలను, మృగయను మాని ధర్మయాత్రలకు మఱలినట్లు ఎనిమిదవ శిలాశాసనమునఁ జెప్పుకొన్నాఁడు. ఆ శాసనసముదాయపు ప్రతి కర్నూలుమండలమున ఎఱ్ఱగుడివద్ద నేఁటికిని నున్నది. కౌటిల్యుఁడును అభయవనములలో మృగముల బంధించువానికిఁ జంపువానికి దండము విధించెను. నేఁటి మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణిసంరక్షణచట్టము మృగయను నిషేధించినది. పులి మొదలగునవి తఱిగిపోయిన కాలమున నది యవసరమే. కాని వానిని దఱుగఁజేసినవా రెవరు? ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ (పాలనము 1869–1911) పులులవేఁటలోఁ బేరుపడినవాఁడు. ఆ శికారుల ఛాయాచిత్రములు లాలా దీనదయాళ్ తీసినవి నేఁడును జనులు ముచ్చటపడి చూతురు. ఆ పటములలో రాజు ఠీవిగా నుండును. నల్లమలలో దుంపలు త్రవ్వి, విల్లుతోఁ జిన్నమృగములఁ గొట్టి బ్రదికిన చెంచువాని పటము పుస్తకములోఁ బడినచో దాని క్రింద "ఆటవికుఁడు" అని వ్రాయుదురు. 2006వ సంవత్సరపు అటవీహక్కులచట్టము గిరిజనుల సంప్రదాయహక్కులను బెక్కింటిని గుర్తించుచు, వేఁటాడు హక్కును మాత్రము పేరుపెట్టి మినహాయించినది. విధి యుక్తమే కావచ్చును. విధికిని నిందకును భేదము గలదు. చట్టము వేఁటను మాన్పించినది. లుబ్ధకుఁడను పేరు మాన్పించినది కాదు.

పాఠ్యపుస్తకములకు టిప్పణములు వ్రాయు పండితులకు నాదొక విన్నపము. "బోయ: క్రూరుఁడు" అనియు, "కిరాతుఁడు: దయలేనివాఁడు" అనియు నర్థము వ్రాయుట మన పుస్తకములలో సామాన్యమైనది. ఏ కోశమునను ఈ యర్థము వాచ్యము గాదు. కిరాతశబ్దమును అమరుఁడు జాతివాచకముగాఁ జెప్పెను. క్రూరార్థము లక్షణచేఁ దరువాత వచ్చి చేరినది. లాక్షణికార్థమును వాచ్యముగా వ్రాయుట శాస్త్రదృష్ట్యా దోషము. క్రౌంచవధ పాఠమున నిషాదుఁడనఁగా నిషాదజాతివాఁడని మాత్రమే వ్రాసి, జంటను విడఁదీయుట దోషమని వేఱుగా వివరించిన నర్థమునకు లోపము రాదు. అట్లే కిందమోపాఖ్యానమున మునియొక్క ప్రత్యుత్తరమును దప్పక చేర్చవలెను. సంక్షేపప్రతులలో శాపము నిలిపి, "నిన్ను మృగములఁ జంపినందుకు నిందింపను" అను నభిప్రాయమును దీసివేయుచున్నారు. ఆ వాక్యము లేని కథ వేఱుకథ.